క్యాడ్ నత్తనడక నడుస్తోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ జవాబులు ప్రధానంగా ఆటోక్యాడ్ (కంప్యూటర్లో డ్రాయింగులు గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ల కోసం. డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ డ్రాయింగ్ ఫార్మాట్) ఫైళ్లతో పనిచేసే మిగతా సాఫ్ట్‌వేర్లలోనూ చాలా కమాండ్ల పేర్లు ఇవే, డిఫాల్ట్ విలువలు మాత్రం వేరుగా ఉండొచ్చు. ఇక్కడ కనిపించే కమాండ్లను, సిస్టమ్ వేరియబుల్స్‌ను (క్యాడ్ తీరును నిర్ణయించే సెట్టింగులను) ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా ఒకే పదంగా టైప్ చేయాలి. ఫైలును శుభ్రం చేసే పని ఏదైనా ముందు కాపీ తీసుకుని ఆ కాపీ మీదే చేయండి.

క్యాడ్ మొత్తం స్లోగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి. డ్రాయింగ్, సెట్టింగులు, కంప్యూటర్, నెట్‌వర్క్: ఈ నాలుగింటిలో ఏదో ఒకటి కారణమై ఉంటుంది. ఏది అన్నది తెలియకుండా కొత్త ర్యామ్, కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనేవాళ్లు చాలామంది. కొన్నాక కూడా అదే ఫైలు అలాగే మొరాయిస్తుంది, ఎందుకంటే ఎక్కువ సందర్భాల్లో జబ్బు ఫైల్లోనే ఉంటుంది.

పరీక్ష ఇలా చేయండి. క్యాడ్ మూసేసి మళ్లీ తెరిచి, డిఫాల్ట్ టెంప్లేట్‌తో ఖాళీ డ్రాయింగ్ తీసుకోండి. అందులో పది గీతలు గీసి జూమ్, ప్యాన్, మూవ్ చేసి చూడండి. ఖాళీ డ్రాయింగ్‌లోనూ కర్సర్ తడబడుతుంటే తప్పు సెట్టింగుల్లోనో కంప్యూటర్లోనో ఉంది. హాయిగా నడిస్తే ఫైలునే అనుమానించాలి. అప్పుడు ఆ ఫైలును, దాని ఎక్స్‌రెఫ్‌లతో (అందులోకి లింక్ చేసిన ఇతర డ్రాయింగులతో) సహా, సర్వర్ నుంచి మీ సొంత డిస్క్‌లోకి కాపీ చేసి తెరవండి. అక్కడ వేగంగా ఉంటే సమస్య నెట్‌వర్క్‌ది. అక్కడా స్లోగానే ఉంటే అదే ఫైలును పక్క కంప్యూటర్లో తెరవండి. రెండు చోట్లా ఒకేలా ఇబ్బంది పెడితే ఇక సందేహం లేదు, శుభ్రం చేయాల్సింది డ్రాయింగ్‌నే.

ఈ పరీక్షకు పావుగంట చాలు. దీన్ని దాటవేసి సెట్టింగులు మార్చుకుంటూ పోతే, చివరికి ఏ మార్పు వల్ల ఏం జరిగిందో కూడా తెలియదు.

క్యాడ్ హ్యాంగ్ అయినప్పుడు టాస్క్ మేనేజర్ చూస్తే సీపీయూ 12 శాతమే వాడుతోంది. మరి ఎందుకు కదలదు?

ఆ 12 శాతమే అసలు సంగతి చెబుతోంది. ఆటోక్యాడ్ పనిలో ఎక్కువ భాగం ఒకేసారి ఒకే కోర్ మీద నడుస్తుంది. మీ ప్రాసెసర్‌కు 8 లాజికల్ ప్రాసెసర్లు ఉంటే, వాటిలో ఒకటి పూర్తిగా నిండిపోయినప్పుడు మొత్తం లెక్కలో కనిపించేది 100లో ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం. 16 ఉంటే 6 శాతం చిల్లర. సీపీయూ ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, క్యాడ్ వాడుకోగల కోర్ ఊపిరాడకుండా ఉంది.

టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌కు వెళ్లి సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్ల వారీగా చూపించమని అడగండి. పని ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కు మారుతూ ఉండొచ్చు కాబట్టి, మొత్తం శాతం ఆ 12 దగ్గరే కదలకుండా నిలబడటం నమ్మదగ్గ గుర్తు. అలా కాకుండా సీపీయూ 1, 2 శాతం దగ్గర ఉండి క్యాడ్ స్పందించకపోతే, అది దేనికోసమో ఎదురుచూస్తోంది: సర్వర్ కోసం, ప్రింటర్ కోసం, లైసెన్స్ కోసం, లేదా కనబడకుండా వెనకాల దాక్కున్న ఒక డైలాగ్ బాక్స్ కోసం. మెమరీ 90 శాతం దాటి డిస్క్ 100 శాతంలో ఉంటే ర్యామ్ చాలడం లేదు.

నాలుగు గదుల ప్లాన్‌కు ఫైలు సైజు 60 ఎంబీ ఉంది. ఎలా తగ్గించాలి?

కనిపించే గీతలకు, ఫైలు సైజుకు పొంతన లేదంటే లోపల కనబడని చెత్త పేరుకుపోయింది. వాడకంలో లేని బ్లాకులు (ఒకే వస్తువుగా దాచుకున్న గీతల గుంపులు), లేయర్లు, స్టైళ్లు, రిజిస్టర్డ్ అప్లికేషన్ పేర్లు, స్కేళ్ల జాబితా, వేరే సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన లైన్‌స్టైళ్లు... ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు కాపీ పేస్ట్ చేసిన ప్రతిసారీ ఇవి అంటుకుని వస్తాయి. ఆ కొత్త ఫైలు ఇంకొకరికి ఎక్స్‌రెఫ్ అవుతుంది, అక్కడినుంచి మరో ఫైలుకు పాకుతుంది.

శుభ్రం చేయడంలో వరుస ముఖ్యం. మొదట ఆడిట్ (ఫైల్లో తప్పులు వెతికే కమాండ్) కొట్టి, తప్పులు సరిచేయాలా అని అడిగితే అవునని చెప్పండి. తప్పులున్న ఫైల్లో పర్జ్ (వాడకంలో లేనివాటిని తీసేసే కమాండ్) చేస్తే కొన్ని అంశాలు వదలకుండా అలాగే ఉండిపోతాయి, అందుకే ఆడిట్ ముందు. ఫైలు అసలు తెరుచుకోకపోతే ఖాళీ డ్రాయింగ్‌లో నుంచి రికవర్ కమాండ్‌తో తెరవండి. ఎక్స్‌రెఫ్‌లతో కలిపి బాగుచేయాలంటే రికవర్‌ఆల్ ఉంది.

తర్వాత పర్జ్. డైలాగ్‌లో నెస్టెడ్ ఐటమ్స్‌కు టిక్ పెట్టండి. లేకపోతే బ్లాకు లోపలి బ్లాకు పోవడానికి మళ్లీ మళ్లీ నొక్కాల్సి వస్తుంది. పొడవు సున్నాగా ఉన్న గీతలు, ఖాళీ టెక్స్ట్ ముక్కలు తీసేసే టిక్ బాక్సులు అక్కడే ఉన్నాయి, వాటినీ వాడండి. ఆర్ఫన్డ్ డేటాను ఆటోమేటిక్‌గా పర్జ్ చేసే ఆప్షన్ కనిపిస్తే దాన్ని తప్పకుండా ఆన్‌లో ఉంచండి, దాని ప్రయోజనం కింద చెప్పాం.

డైలాగ్‌లో చాలామందికి కనబడని ఒక భాగం రిజిస్టర్డ్ అప్లికేషన్లు, క్యాడ్ భాషలో రెగ్‌యాప్స్. ఏ యాడ్ఆన్ ఆ ఫైలును తాకినా తన పేరు అందులో వదిలి పోతుంది. పాత ప్రాజెక్టుల్లో ఇవి వేల సంఖ్యలో ఉంటాయి. ముందు అడ్డగీత పెట్టి -పర్జ్ అని టైప్ చేసి, ఆర్ అక్షరం కొట్టండి. పేర్లు అడిగితే నక్షత్రం గుర్తు, ఒక్కొక్కటి చూపించి అడగాలా అంటే వద్దని ఎన్ ఇవ్వండి. ఎక్స్‌రెఫ్‌లలోనూ ఇదే పని విడిగా చేయాలి. హోస్ట్ ఫైలు (ఎక్స్‌రెఫ్‌లు జోడించిన ప్రధాన ఫైలు) ఒక్కదాన్నే శుభ్రం చేస్తే సరిపోదు, మురికి ఎక్స్‌రెఫ్ దాన్ని మళ్లీ మురికి చేస్తుంది.

చివర్లో ఓవర్‌కిల్. ఒకదాని మీద ఒకటి పడి ఉన్న గీతలను, ముక్కలుగా ఉన్న గీతలను ఇది కలిపేస్తుంది. డిఫాల్ట్ టాలరెన్స్ 0.000001, దాన్ని పెంచాలనిపిస్తే ముందు ఆలోచించండి. గోడ మందం 2 యూనిట్లున్న స్కెచ్‌లో 1 అని ఇస్తే పనికొచ్చే గీతలే మాయమవుతాయి. రంగు, లేయర్, లైన్‌టైప్ పట్టించుకోవద్దని చెప్పే టిక్‌లు మొదట అన్నీ ఖాళీగా వదలండి. అసోసియేటివ్ ఆబ్జెక్టులను కాపాడే టిక్ ఆన్‌లో ఉండాలి, లేకపోతే డైమెన్షన్లు, హ్యాచ్‌లు (హద్దు లోపల నింపే గీతల నమూనాలు) తమ ఆధారం కోల్పోతాయి. ఇదంతా అయ్యాక ఇంకోసారి ఆడిట్ చేసి సేవ్ చేయండి.

పర్జ్ చేసినా సైజు తగ్గలేదు. చిన్న గీత కాపీ పేస్ట్ చేసినా నిమిషం పడుతోంది.

ఈ రెండు లక్షణాలు కలిసి వస్తే మొదటి అనుమానం డీజీఎన్ లైన్‌స్టైళ్ల మీద. మైక్రోస్టేషన్ (డీజీఎన్ ఫైళ్లు తయారుచేసే మరో క్యాడ్ సాఫ్ట్‌వేర్) నుంచి దిగుమతి చేసిన ఫైళ్లతో వచ్చే సంక్లిష్టమైన లైన్‌టైపుల సమాచారం డ్రాయింగ్ లోపల తనకు తానే అల్లుకుపోయి, దేనికీ పనికిరాకపోయినా పర్జ్‌కు దొరకకుండా ఉండేది. ప్రతి కాపీ పేస్ట్‌కూ అది కూడా కలిసి వెళ్తుంది, అందుకే అంత ఆలస్యం. పైన చెప్పిన ఆర్ఫన్డ్ డేటా ఆప్షన్ పుట్టింది దీన్ని తొలగించడానికే. మీ వెర్షన్ పాతదై ఆ ఆప్షన్ లేకపోతే, కొత్త వెర్షన్ ఉన్న కంప్యూటర్లో ఫైలు తెరిచి పర్జ్ చేసి, మీ ఫార్మాట్‌లో సేవ్ చేయించుకోవడం తేలిక దారి.

రెండో అనుమానం స్కేళ్ల జాబితా. అనోటేషన్ స్కేల్ మెనూ తెరిస్తే ఎక్స్‌రెఫ్ అనే తోక తగిలించుకున్న స్కేళ్లు వందల్లో కనిపిస్తున్నాయా? అడ్డగీతతో -స్కేల్‌లిస్ట్‌ఎడిట్ అని కొట్టి, రీసెట్ కోసం ఆర్, ఒప్పుకుంటూ వై, బయటికి రావడానికి ఈ. డైలాగ్‌లోని రీసెట్ బటన్ కూడా ఇదే పని చేస్తుంది, కానీ జాబితా బాగా పెద్దదైతే డైలాగ్ తెరుచుకోవడానికే తంటాలు పడుతుంది. వాడకంలో ఉన్న స్కేళ్లు పోవు.

మూడోది లేయర్ ఫిల్టర్లు. లేయర్ ప్యాలెట్ తెరవగానే క్యాడ్ బిగుసుకుపోతుంటే ఎడమవైపు ఫిల్టర్ల చెట్టు చూడండి. అవసరం లేనివన్నీ తీసేయండి.

ఏదీ ఫలించకపోతే డబ్ల్యూబ్లాక్ ఆఖరి ఆయుధం. ఎంటైర్ డ్రాయింగ్ ఎంచుకుని కొత్త పేరుతో రాయండి. వాడకంలో లేని పేర్లు కొత్త ఫైల్లోకి రావు. లేఅవుట్లు (ప్రింట్ కోసం అమర్చిన షీట్లు), పేజ్ సెటప్‌లు, యూనిట్లు సరిగా వచ్చాయో లేదో చూసుకున్నాకే పాత ఫైలును పక్కన పెట్టండి.

హ్యాచ్ వేయగానే స్క్రీన్ బిగుసుకుపోతోంది.

దాదాపు ఎప్పుడూ తప్పు స్కేల్‌లోనే ఉంటుంది. ఒక లెక్క చూడండి. మిల్లీమీటర్లలో గీసిన డ్రాయింగ్‌లో 100 మీటర్లు × 50 మీటర్ల స్థలం ఉంది. దానికి 45 డిగ్రీల గీతలుండే ఏఎన్ఎస్ఐ31 ప్యాటర్న్ స్కేల్ 1తో వేశారు. మెట్రిక్ ప్యాటర్న్ ఫైల్లో ఆ గీతల మధ్య దూరం 3.175 యూనిట్లు. అంటే దాదాపు 33,400 గీతలు. అదే డ్రాయింగ్ ఇంపీరియల్ (అంగుళాల) టెంప్లేట్‌తో మొదలైందనుకోండి, దూరం 0.125 యూనిట్లే, గీతలు ఎనిమిదిన్నర లక్షలకు చేరువ. హ్యాచ్ గీతల గరిష్ఠ సంఖ్యను పట్టి ఉంచే హెచ్‌పీమ్యాక్స్‌లైన్స్ డిఫాల్ట్ విలువ 10 లక్షలు కాబట్టి సాఫ్ట్‌వేర్ మిమ్మల్ని ఆపదు, గీయడానికి పూనుకుంటుంది. స్కేల్ 100 ఇస్తే మెట్రిక్‌లో ఆ గీతలు 334కు పడిపోతాయి, ప్రింట్‌లో కూడా అదే కంటికి బాగుంటుంది. సైట్ ప్లాన్లు వేసేవాళ్లు హెచ్‌పీమ్యాక్స్‌లైన్స్‌ను లక్షకు తగ్గించుకుంటే మంచిది. మెజర్‌మెంట్ వేరియబుల్ 0 అయితే ఇంపీరియల్, 1 అయితే మెట్రిక్, ఒకసారి చూసుకోండి.

పిక్ పాయింట్‌తో హద్దు వెతకడం కూడా భారమే. కనిపిస్తున్న ఆబ్జెక్టులన్నింటినీ సాఫ్ట్‌వేర్ పరిశీలించాలి. అక్కర్లేని లేయర్లు ఫ్రీజ్ చేసి, హ్యాచ్ వేసే చోటికి జూమ్ చేయండి. ఇంకా మంచి పద్ధతి, హద్దును క్లోజ్డ్ పాలీలైన్‌గా ముందే గీసి సెలెక్ట్ ఆబ్జెక్ట్స్‌తో వేయడం.

ఇప్పటికే హ్యాచ్‌లతో నిండిపోయిన ఫైల్లో పని చేయక తప్పకపోతే ఫిల్‌మోడ్‌ను 0 చేసి రీజెన్ (డ్రాయింగ్‌ను స్క్రీన్ మీద మళ్లీ లెక్కగట్టి గీసే కమాండ్) కొట్టండి. హ్యాచ్‌లన్నీ కనబడకుండా పోతాయి, డ్రాయింగ్ తేలికపడుతుంది. ప్రింట్‌కు ముందు తిరిగి 1 చేయడం మరవకండి.

కర్సర్ ఆగి ఆగి కదులుతోంది. ఏదైనా సెలెక్ట్ చేస్తే ఇంకా ఘోరం.

కర్సర్ ఒక గీత మీదుగా వెళ్లిన ప్రతిసారీ క్యాడ్ దాన్ని వెలిగించి చూపిస్తుంది, దాని వివరాల టూల్‌టిప్ సిద్ధం చేస్తుంది, దగ్గర్లో స్నాప్ పాయింట్లు వెతుకుతుంది. చిక్కటి డ్రాయింగ్‌లో ఇవన్నీ కలిసి భారమవుతాయి. సెలెక్షన్‌ప్రివ్యూ 0 చేయండి, డిఫాల్ట్ 3. రోల్‌ఓవర్‌టిప్స్ 0 చేయండి. జూమ్ చేసేటప్పుడు వ్యూ జారుతున్నట్టు కనిపించే యానిమేషన్ ఆపడానికి వీటీఎనేబుల్ 0. ఎఫ్12తో డైనమిక్ ఇన్‌పుట్ ఆపి తేడా చూడండి. ఆబ్జెక్ట్ స్నాప్‌లో అన్నింటికీ టిక్ పెట్టుకుని కూర్చోవద్దు. ఎండ్‌పాయింట్, మిడ్‌పాయింట్, ఇంటర్‌సెక్షన్, సెంటర్ ఉంచుకుంటే రోజువారీ పని నడుస్తుంది, మిగతావి కావాల్సినప్పుడు షిఫ్ట్ నొక్కి రైట్ క్లిక్ చేసి తీసుకోవచ్చు. ఆప్షన్స్‌లోని డ్రాఫ్టింగ్ ట్యాబ్‌లో హ్యాచ్‌లను స్నాప్ పట్టించుకోవద్దనే టిక్ ఉంది, అది ఆన్‌లో ఉండాలి.

సెలెక్ట్ చేశాక ఆగిపోతోందంటే ప్రాపర్టీస్ ప్యాలెట్ తెరిచి ఉందేమో చూడండి. వేల ఆబ్జెక్టుల ఉమ్మడి లక్షణాలు లెక్కగట్టేదాకా అది కదలనివ్వదు. గ్రిప్‌ఓబీజేలిమిట్ విలువ కూడా చూడండి. డిఫాల్ట్ 100. ఎవరైనా దాన్ని 0 చేసి ఉంటే పరిమితే లేదని అర్థం, పదివేల గీతలు సెలెక్ట్ చేస్తే అన్నింటికీ నీలం చతురస్రాలు గీస్తుంది. లేయర్ ప్యాలెట్‌ను కూడా పని అయ్యాక మూసేయండి.

జూమ్, ప్యాన్ చేస్తే గీతలు వణుకుతున్నాయి, ఆర్కులు గజిబిజిగా కనిపిస్తున్నాయి.

డ్రాయింగ్ 0,0 నుంచి చాలా దూరంలో ఉందేమో చూడండి. సర్వే కోఆర్డినేట్లతో వచ్చిన ఫైళ్లలో ఇది మామూలే. ఆటోక్యాడ్ కోఆర్డినేట్లను డబుల్ ప్రెసిషన్‌లో దాచుకుంటుంది, అంటే దాదాపు 15 అంకెలు. గ్రాఫిక్స్ కార్డులు సాధారణంగా లెక్కించేది సింగిల్ ప్రెసిషన్‌లో, అక్కడ దాదాపు 7 అంకెలకే కచ్చితత్వం. 45,00,000 మీటర్ల నార్తింగ్‌ను (ఉత్తర దిశ కోఆర్డినేట్‌ను) మిల్లీమీటర్లలో రాస్తే పది అంకెలు. చివరి అంకెలు రాలిపోతే గీత ఎక్కడుందో స్క్రీన్‌కే సరిగా తెలియదు.

యూసీఎస్ (మీరు పెట్టుకునే కోఆర్డినేట్ అక్షాలు) మార్చడం దీనికి మందు కాదు. అది చూసే కోణం మారుస్తుంది తప్ప ఫైల్లో దాచిన అంకెలను మార్చదు. బిల్డింగ్ డ్రాయింగ్‌ను ఆరిజిన్ దగ్గరే గీసి, సర్వే ఫైల్లో దాన్ని సరైన చోట ఎక్స్‌రెఫ్‌గా పెట్టడం నిలబడే పద్ధతి. ఇప్పటికే దూరంగా గీసేసిన ఫైలైతే, తెలిసిన ఒక బెంచ్‌మార్క్ కోఆర్డినేట్లు టెక్స్ట్‌గా రాసుకుని ఆ తర్వాతే మొత్తం జరపండి. ఆ ఆధారం లేకుండా జరిపితే సర్వేతో సంబంధం తెగిపోతుంది.

జూమ్ ఎక్స్‌టెంట్స్ కొడితే డ్రాయింగ్ చుక్కలా కనిపిస్తోందంటే ఎక్కడో దూరాన ఒక అనాథ గీతో బ్లాకో పడి ఉంది. పనికొచ్చే భాగాన్ని వదిలి మిగతాదంతా సెలెక్ట్ చేసి తీసేయండి.

వణుకు లేకుండా జూమ్ మాత్రమే బరువుగా ఉంటే, లైన్‌టైప్ స్కేల్ చూడండి. మరీ చిన్న స్కేల్‌తో వేసిన డ్యాష్ గీత నిండు గీతలాగే కనిపిస్తుంది, లోపల మాత్రం లక్షల ముక్కలుగా ఉంటుంది. ఆర్కుల నునుపును నిర్ణయించే వ్యూరెస్ డిఫాల్ట్ 1000. 20,000కు పెంచినా 2డీ పనికి ఒరిగేదేమీ లేదు. విప్‌థ్రెడ్‌ను 3 చేస్తే రీజెన్, రీడ్రా రెండింటికీ ఒకటికంటే ఎక్కువ కోర్లు వాడుకుంటుంది.

ఫైలు తెరవడానికే ఐదు నిమిషాలు పడుతోంది.

ఎక్స్‌రెఫ్ ప్యాలెట్ తెరిచి ఎఫ్4 నొక్కండి. జాబితా కాస్తా చెట్టుగా మారి, ఏ ఫైలు లోపల ఏది ఉందో కనిపిస్తుంది. ఒకే ఫైలు నాలుగు కొమ్మల్లో కనిపిస్తే అటాచ్, ఓవర్‌లే తేడా పట్టించుకోలేదన్నమాట. అటాచ్ చేసిన ఎక్స్‌రెఫ్ తన హోస్ట్‌తో పాటు పై ఫైల్లోకి కూడా వెళ్తుంది, ఓవర్‌లే చేసింది వెళ్లదు. టీమ్‌లో అందరూ ఒకరి ఫైళ్లు ఒకరు చూసుకునే చోట ఓవర్‌లేనే అలవాటు చేసుకోవాలి. వాడని ఎక్స్‌రెఫ్‌లు డిటాచ్ చేయండి, అప్పుడప్పుడు వాడేవి అన్‌లోడ్ చేయండి.

పెద్ద సైట్ ఫైల్లో చిన్న భాగమే కావాలంటే ఎక్స్‌క్లిప్‌తో కత్తిరించి, ఆ సైట్ ఫైల్లో ఇండెక్స్‌సీటీఎల్ 3 చేసి సేవ్ చేయండి. హోస్ట్‌లో ఎక్స్‌లోడ్‌సీటీఎల్ 2 ఉండాలి, డిఫాల్ట్ అదే. అప్పుడు క్లిప్ లోపలి భాగం, ఫ్రీజ్ కాని లేయర్లు మాత్రమే లోడ్ అవుతాయి. విలువ 2 అంటే టెంప్ ఫోల్డర్‌లో కాపీ తీసుకుని వాడుతుంది కాబట్టి, మిగతావాళ్లు అసలు ఫైలు ఎడిట్ చేసుకోవచ్చు.

సీపీయూ ఖాళీగా ఉండి ఆలస్యమవుతోందంటే చచ్చిపోయిన దారులు వెతకండి. ఆప్షన్స్‌లో ఫైల్స్ ట్యాబ్, సపోర్ట్ ఫైల్ సెర్చ్ పాత్. అక్కడ ఎప్పుడో తీసేసిన సర్వర్ పేరు ఒక్కటి ఉన్నా, ప్రతి ఫాంట్ కోసం, ప్రతి లైన్‌టైప్ ఫైలు కోసం క్యాడ్ ఆ తలుపు తట్టి, విండోస్ జవాబు ఇచ్చేదాకా నిలబడుతుంది. దొరకని ఇమేజ్‌లు, దొరకని ఎక్స్‌రెఫ్‌లు కూడా ఇంతే. ప్రింటర్లదీ అదే కథ: లేఅవుట్ పేజ్ సెటప్‌లో మూలపడిన నెట్‌వర్క్ ప్లాటర్ పేరు ఉంటే ఫైలు తెరిచేటప్పుడు, లేఅవుట్ మారేటప్పుడు, ప్లాట్ డైలాగ్ వచ్చేటప్పుడు ఆగుతుంది. పేజ్ సెటప్‌లో ప్రింటర్‌ను నన్ (ఏదీ లేదు) చేయండి, విండోస్ డిఫాల్ట్ ప్రింటర్‌గా పీడీఎఫ్ ప్రింటర్ పెట్టి చూడండి. తేడా వెంటనే తెలుస్తుంది.

సివిల్ 3డీ, ఆర్కిటెక్చర్ వంటి వాటిలో తయారైన ఫైళ్లలో ప్రాక్సీ ఆబ్జెక్టులు (మామూలు ఆటోక్యాడ్‌కు పూర్తిగా అర్థంకాని వస్తువులు) ఉంటాయి. పంపినవాళ్లను ఎక్స్‌పోర్ట్‌టుఆటోక్యాడ్ చేసి ఇవ్వమని అడగండి, మామూలు గీతలుగా మారి వస్తాయి.

ఫీల్డ్స్ (తమంతట తామే తాజా అయ్యే టెక్స్ట్) వందల్లో ఉంటే ఫీల్డ్‌ఈవాల్ కూడా చూడండి. డిఫాల్ట్ 31, అంటే ఓపెన్, సేవ్, ప్లాట్, ఈట్రాన్స్‌మిట్ (డ్రాయింగ్‌ను దాని అనుబంధ ఫైళ్లతో కలిపి ప్యాక్ చేసే కమాండ్), రీజెన్ అన్నింటికీ ఫీల్డ్స్ మళ్లీ లెక్కిస్తుంది. 4 చేస్తే ప్లాట్ చేసేటప్పుడు మాత్రమే. మధ్యలో కావాలంటే అప్‌డేట్‌ఫీల్డ్ ఉంది.

మోడల్ నుంచి లేఅవుట్‌కు మారితే ప్రతిసారీ ఆగుతోంది.

లేఅవుట్‌రీజెన్‌సీటీఎల్ విలువ 2 ఉండాలి. అప్పుడు ప్రతి లేఅవుట్ మొదటిసారి మాత్రమే రీజెన్ అయ్యి మెమరీలో నిలుస్తుంది. ర్యామ్ తక్కువైన కంప్యూటర్లో 30 లేఅవుట్ల ఫైలుకు ఇది బరువు, అక్కడ 1 మేలు. ఒకే ఫైల్లో షీట్లన్నీ కుక్కడం కంటే మోడల్‌ను ఎక్స్‌రెఫ్ చేసి షీట్లు విడి ఫైళ్లుగా ఉంచుకోవడం ఇంకా మేలు. పని లేని వ్యూపోర్టులను (లేఅవుట్‌లో మోడల్‌ను చూపించే కిటికీలను) ఆఫ్ చేయండి.

సేవ్ ఒకసారి చిటికెలో అవుతుంది, ఇంకోసారి నిమిషం పడుతుంది. ఎందుకు?

ఐసేవ్‌పర్సెంట్ వల్ల. డిఫాల్ట్ 50. మామూలుగా సేవ్ చేసినప్పుడు క్యాడ్ మారిన భాగాన్నే ఫైలుకు జోడిస్తుంది, పాత భాగం వృథాగా లోపలే ఉంటుంది. వృథా ఆ పరిమితి దాటగానే మొత్తం ఫైలు మళ్లీ రాస్తుంది, ఆలస్యమయ్యే సేవ్ అదే. 0 పెడితే ప్రతి సేవ్ పూర్తి సేవే, ఫైలు చిన్నదిగా ఉంటుంది గానీ ప్రతిసారీ సమయం పడుతుంది. పెద్ద ఫైళ్లకు 50 అలాగే ఉంచి, ఇంకొకరికి పంపే ముందు మాత్రమే 0 చేసి సేవ్ చేయడం మంచి అలవాటు.

ఆటోసేవ్ మధ్యమధ్యలో అడ్డుపడుతుంటే సేవ్‌టైమ్‌ను 10 నుంచి 20 నిమిషాలకు పెంచండి. 0 మాత్రం చేయకండి, కరెంటు పోతే పని మొత్తం పోతుంది. ఆటోసేవ్ ఫోల్డర్ మీ సొంత డిస్క్‌లోనే ఉండాలి. క్లౌడ్‌తో సింక్ అయ్యే ఫోల్డర్‌లో నేరుగా పని చేస్తుంటే సేవ్ చేసిన ప్రతిసారీ డ్రాయింగ్, బ్యాకప్ రెండూ అప్‌లోడ్ వరుసలో చేరతాయి. లోకల్‌గా పని చేసి రోజు చివర్లో కాపీ చేయండి.

స్కాన్ చేసిన ఇమేజ్ పెట్టగానే డ్రాయింగ్ బరువెక్కింది. జేపీజీ ఫైలు 12 ఎంబీయే కదా?

డిస్క్ మీద 12 ఎంబీ. తెరిచాక లెక్క వేరు. ఏ1 షీటును 600 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేస్తే దాదాపు 28 కోట్ల పిక్సెళ్లు, పిక్సెల్‌కు 3 బైట్లు, అంటే మెమరీలో 830 ఎంబీ పైనే. అదే షీటును 200 డీపీఐలో నలుపు తెలుపుల్లో స్కాన్ చేస్తే 4 ఎంబీ కూడా కాదు. గీతల డ్రాయింగ్ మీద ట్రేస్ చేయడానికి రెండోది చాలు.

ఉన్న ఇమేజ్‌తోనే నెట్టుకురావాలంటే ఇమేజ్‌క్వాలిటీని డ్రాఫ్ట్ చేయండి. ఆర్‌టీడిస్‌ప్లే 1 ఉంటే ప్యాన్ చేస్తున్నంతసేపు ఇమేజ్ బదులు దాని చుట్టుగీత మాత్రమే కనిపిస్తుంది. పీడీఎఫ్‌ను అండర్‌లేగా పెట్టినప్పుడు స్నాప్ అవసరం లేకపోతే పీడీఎఫ్‌ఓస్నాప్ 0 చేయండి. పీడీఎఫ్ ఇంపోర్ట్‌ను ఆచితూచి వాడండి: అందులోని హ్యాచ్ గీతలు, ఎస్‌హెచ్‌ఎక్స్ (క్యాడ్ సొంత ఫాంట్) అక్షరాలు అన్నీ విడి పాలీలైన్లుగా విడిపోయి వస్తాయి. కావాల్సిన భాగం చుట్టూ హద్దు గీసి అంతవరకే దిగుమతి చేసుకోండి.

హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉంచాలా, ఆఫ్ చేయాలా?

ఆన్‌లోనే. గ్రాఫిక్స్‌కాన్ఫిగ్ కమాండ్‌తో ఆఫ్ చేసి చూడటం పరీక్ష కోసమే. ఆఫ్ చేస్తే వేగం పెరిగిందంటే డ్రైవర్ బాగోలేదని అర్థం. కార్డు తయారీ సంస్థ సైటు నుంచి డ్రైవర్ తెచ్చుకుని వేసి, మళ్లీ ఆన్ చేయండి. అక్కడే స్మూత్ లైన్ డిస్‌ప్లే ఆపితే బలహీనమైన కార్డుకు ఊరట.

ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉంటే, క్యాడ్ చిన్నదాని మీద నడుస్తుండొచ్చు. విండోస్ సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌కు వెళ్లి ఆటోక్యాడ్‌ను జోడించి హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి. ఛార్జర్ తీసేస్తే ప్రాసెసర్ వేగం తగ్గుతుందని కూడా గుర్తుంచుకోండి. డెస్క్‌టాప్‌లో అయితే మానిటర్ కేబుల్ మదర్‌బోర్డు పోర్టుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డు పోర్టుకే పెట్టారా? ఇంత చిన్న సంగతి ఎంత ఖరీదైన కార్డునైనా వృథా చేస్తుంది.

వైరస్ వల్ల క్యాడ్ స్లో అవుతుందా?

అవుతుంది. లిస్ప్ (క్యాడ్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాములు) ఫైళ్ల రూపంలో వచ్చే వైరస్‌లు డ్రాయింగ్ ఉన్న ఫోల్డర్లలో ఏసీఏడీ, ఏసీఏడీడాక్ పేర్లతో తమ కాపీలు వదులుతాయి. ఏ ఫోల్డర్‌లో డ్రాయింగ్ తెరిచినా అక్కడ ఇంకో కాపీ పుడుతుంది. మీరు పెట్టని అలాంటి ఫైళ్లు కనిపిస్తే క్యాడ్ మూసి, తీసేసి, సర్వర్ మొత్తం వెతకండి. సెక్యూర్‌లోడ్ కనీసం 1 ఉండాలి. షార్ట్‌కట్‌కు సేఫ్‌మోడ్ స్విచ్ జోడించి తెరిస్తే బయటి కోడ్ ఏదీ నడవదు, అప్పుడు వేగం తిరిగొచ్చిందంటే దొంగ ఏదో లిస్ప్ లేదా యాడ్ఆన్. యాంటీవైరస్ విషయానికొస్తే, ప్రాజెక్ట్ ఫోల్డర్లను పూర్తిగా మినహాయించడం ప్రమాదం. ఆటోక్యాడ్ ప్రోగ్రామ్‌ను, టెంప్ ఫోల్డర్‌లోని డ్రాయింగ్ ఫైళ్లను మినహాయిస్తే చాలు.

3డీ మోడల్ తిప్పితే ముక్కలు ముక్కలుగా కదులుతోంది.

ఎడిట్ చేసేటప్పుడు విజువల్ స్టైల్ 2డీ వైర్‌ఫ్రేమ్‌లో ఉంచండి, నీడలు, మెటీరియళ్లు ఆపండి. 3డీ వంపుల నునుపును నిర్ణయించే ఫేసెట్‌రెస్ డిఫాల్ట్ 0.5, దాన్ని 10కి పెంచి మరిచిపోయినవాళ్లే ఎక్కువ. తయారీదారుల నుంచి తెచ్చిన మెషిన్ మోడళ్లలో మరల మీది చుట్లు కూడా ఉంటాయి. అక్కర్లేని అలాంటి వివరాలు తీసేశాకే మీ డ్రాయింగ్‌లోకి తెచ్చుకోండి.

ఖాళీ డ్రాయింగ్ కూడా స్లోగానే ఉంది. అన్‌ఇన్‌స్టాల్ చేయాలా?

ముందు రీసెట్ చేయండి. స్టార్ట్ మెనూలో ఆటోక్యాడ్ ఫోల్డర్ కింద రీసెట్ సెట్టింగ్స్ టు డిఫాల్ట్ ఉంటుంది. బ్యాకప్ తీసుకునే అవకాశం అదే ఇస్తుంది, తీసుకోండి. దానికంటే ముందు ఇంకో తేలిక పరీక్ష: విండోస్‌లో కొత్త యూజర్ అకౌంట్ తెరిచి అక్కడ క్యాడ్ నడపండి. అక్కడ బాగుంటే తప్పు మీ ప్రొఫైల్‌ది, ఇన్‌స్టలేషన్‌ది కాదు.

కొత్త కంప్యూటర్ కొంటున్నాం. డబ్బు దేని మీద పెట్టాలి?

2డీ పనికి ముందు సింగిల్ కోర్ వేగం మీద. 24 కోర్ల తక్కువ వేగం ప్రాసెసర్ కంటే 8 కోర్ల ఎక్కువ వేగం ప్రాసెసర్ డ్రాఫ్టింగ్‌కు మంచిది. ఆటోక్యాడ్ 2025కు ఆటోడెస్క్ సిఫారసు చేసేది బేస్ 3 గిగాహెర్ట్జ్ పైన, టర్బో 4 గిగాహెర్ట్జ్ పైన. ర్యామ్ కనీసం 8 జీబీ, సిఫారసు 32 జీబీ. 8తో మొదలుపెట్టే పని పెట్టుకోవద్దు. డిస్క్ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ అయ్యుండాలి. గ్రాఫిక్స్ కార్డు మీద భారీగా ఖర్చు 3డీ, రెండరింగ్ చేసేవాళ్లకే.

సపోర్ట్‌ను అడిగేటప్పుడు ఏం పంపాలి?

స్లోగా ఉంది అని మాత్రమే రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. అబౌట్ డైలాగ్‌లో కనిపించే పూర్తి వెర్షన్ నంబరు, గ్రాఫిక్స్ కార్డు పేరు, డ్రైవర్ తేదీ, ఖాళీ డ్రాయింగ్‌లో ఎలా ఉంది, లోకల్ డిస్క్ మీద ఎలా ఉంది, ఏ కమాండ్ దగ్గర ఎన్ని సెకన్లు ఆగుతోంది, ఆ సమయంలో సీపీయూ ఎంత చూపించింది రాయండి. డ్రాయింగ్‌ను ఈట్రాన్స్‌మిట్‌తో జిప్ చేసి జత చేయండి. ఎక్స్‌రెఫ్‌లు, ఫాంట్లు, ఇమేజ్‌లు దాంతోపాటే వెళ్తాయి.